విరామంలో తిప్పని బాణం

తిరుపతిలో కాలేజీల మధ్య జరిగిన ఒక బాస్కెట్‌బాల్ పోటీకి నేను స్కోరర్‌గా కూర్చున్నాను. కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు వెలిగే వేళకు రెండో క్వార్టర్ ముగిసింది. జట్లు నీళ్లు తాగడానికి వెళ్లాయి, నేను ఫౌళ్ల లెక్క సరిచూసుకుంటూ ఉండిపోయాను, తర్వాతి బంతి హక్కు ఏ జట్టుదో చూపే, బల్ల మీది ఎర్రరంగు చెక్క బాణాన్ని మాత్రం తిప్పలేదు.

ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల ప్రకారం జంప్ బాల్, అంటే రిఫరీ పైకి విసిరిన బంతి కోసం ఇద్దరు ప్రత్యర్థులు ఎగరడం, మ్యాచ్ మొత్తానికీ ఒక్కసారే, మొదటి క్వార్టర్ ఆరంభంలోనే, వేస్తారు. దాని తర్వాత బంతిని ముందుగా అదుపులోకి తెచ్చుకోలేకపోయిన జట్టుకు తొలి హక్కు దక్కుతుంది కనుక, ఆ జట్టు దాడి చేసే రింగు వైపుకు బాణం పెడతాము. ఆపైన ఇద్దరు ప్రత్యర్థులు బంతిని పట్టుకుని వదలకపోయినా, బంతి చివరగా ఎవరికి తగిలి బయటికి పోయిందో రిఫరీలకు తేలకపోయినా, అది రింగుకూ బోర్డుకూ మధ్య ఇరుక్కున్నా, రిఫరీ రెండు బొటనవేళ్లూ పైకెత్తి, బాణం చూపే దిక్కుకు చెయ్యి చాపుతాడు. మిగిలిన మూడు క్వార్టర్లూ, ఓవర్‌టైమూ కూడా బాణం చెప్పిన జట్టు త్రో-ఇన్‌తోనే, అంటే గీత బయటి నుంచి బంతిని లోపలికి వేయడంతోనే, మొదలవుతాయి.

కొత్తవాళ్లు తడబడేది బాణం ఎప్పుడు తిప్పాలన్న దగ్గరే. రిఫరీ బంతిని చేతికివ్వగానే తిప్పేస్తారు, అది తప్పు. గీత బయటి నుంచి వేసిన బంతి కోర్టులోని ఆటగాడికి తగిలి త్రో-ఇన్ ముగిశాకే తిప్పాలి, ఎందుకంటే ఆ లోపల ఏ జట్టు ఫౌల్ చేసినా హక్కు పోదు. అయితే త్రో-ఇన్ చేసే ఆటగాడే 5 సెకన్లలో బంతిని వదలకపోతే అది వయొలేషన్, అంటే నిబంధన ఉల్లంఘన. హక్కు పోతుంది, బాణమూ తిరుగుతుంది.

విరామం తర్వాత జట్లు రింగులు మారతాయి. హక్కు మారదు కాబట్టి దిక్కు మారాలి, అంటే బాణాన్ని స్కోరరే తిప్పాలి. నేను తిప్పకపోవడంతో మూడో క్వార్టర్ బంతి అవతలి జట్టుకు వెళ్లింది. రెండు పాస్‌లు పడ్డాక, నష్టపోయిన జట్టు కోచ్ బల్ల దగ్గరికి వచ్చి, "ఏంది సార్, ఆ బంతి మాది గదా?" అన్నాడు. అతనిదే నిజం, కానీ బంతి కోర్టులో ఆటగాడికి తగిలిన తర్వాత ఆ పొరపాటును వెనక్కి తీసుకోవడానికి నిబంధన ఒప్పుకోదు. నష్టపోయిన జట్టుకు తర్వాతి హక్కు మాత్రం పదిలంగా ఉంటుంది. రిఫరీ అదే చెప్పి బాణాన్ని వారి వైపుకు పెట్టించాడు. ఆ క్వార్టర్‌లో మళ్లీ బాణం చూడాల్సిన సందర్భమే రాలేదు కనుక నాలుగో క్వార్టర్‌ను వాళ్లే మొదలుపెట్టారు.

అమెరికా కాలేజీ ఆటలోకి ఈ బాణం 1981–82 సీజన్‌లో వచ్చింది, అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మాత్రం హెల్డ్ బాల్‌కు (ఇద్దరు ప్రత్యర్థులు బంతిని పట్టుకుని వదలనప్పుడు) ఇప్పటికీ జంప్ బాలే వేస్తారు. కష్టపడి బంతిని బిగించి పట్టిన డిఫెండర్‌కు, బాణం అటు తిరిగి ఉంటే ఫలితం దక్కదన్న మాట నాకూ బాధగానే ఉంటుంది. అయినా పొట్టి గార్డును ఆరడుగుల సెంటర్ ఎదుట ఎగరమనడం కంటే, పైగా మా స్థాయిలో వంకరగా లేచే టాస్‌ల కంటే, బాణమే నయమని నా అభిప్రాయం.

ఇప్పుడు మొదటి సగం ముగియగానే, బాణాన్ని ముట్టుకునే ముందే, హక్కు ఉన్న జట్టు పేరును ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి గడియారం కింద పెడుతున్నాను.