ఖుక్రి వెనక డెక్కు

నాలుగు నెలలుగా మా డైనింగ్ టేబుల్‌లో ఒక మూల ఐఎన్ఎస్ ఖుక్రి అనే మన పాత యుద్ధనౌక నమూనాది. బాల్సా చెక్కతో 1:200 కొలతలో చేస్తున్నాను, రెండు జానల పొడవు. భోజనాలు మిగతా మూడు మూలల్లో సర్దుకుంటున్నాం.

ముందు భాగం తొందరగానే అయిపోయింది. యుద్ధనౌక అనగానే ముందు డెక్కు మీద పెద్ద ఫిరంగి ఉంటుందనుకుంటాం కదా, దీనికి లేదు. ఉన్నవి 40 మి.మీ. బోఫోర్స్ తుపాకులే. అసలు ఆయుధం వెనక డెక్కు మీదుంది: రెండు లింబో మోర్టార్లు, ఒక్కోదానికి మూడు గొట్టాలు. నీటి కింది జలాంతర్గాముల్ని శబ్దంతో పసిగట్టే సోనార్ చెప్పిన చోటికి, ఓడ నెత్తి మీదుగా ముందుకి కూడా, బాంబులు విసురుతాయి. ఆ ఆరు గొట్టాలూ నేను కొబ్బరి చీపురు పుల్లలతో చేశాను. ఇప్పటికి మూడుసార్లు ఊడిపోయాయి.

జలాంతర్గాముల్ని వేటాడటానికే ఇంగ్లాండులో చవకగా కట్టిన బ్లాక్‌వుడ్ తరగతి ఓడ ఇది. 1956లో నీళ్ళలోకి దిగింది, 1958లో మన నేవీలో చేరింది. జతగా కిర్పాన్, కుఠార్. కత్తి, బాకు, గొడ్డలి! పేర్లు పెట్టినవాళ్ళు అనుకునే పెట్టారో లేదో గానీ, మూడూ చేతికందేంత దూరంలోనే పనిచేసేవి. లింబో సంగతీ అంతే, దాని బాంబు కిలోమీటరు దాటదు. ఎదుటివాడి టార్పెడో అంతకంటే చాలా దూరం నుంచి వస్తుంది.

1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతుండగా, గుజరాత్ తీరాన దియూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి తిరుగుతోందని తెలిసి ఈ మూడింటినీ పంపారు. బాయిలర్ గదిలో పేలుడు జరిగి కుఠార్ వెనక్కి రావాల్సి వచ్చింది. ఖుక్రి మీదేమో సోనార్ వినికిడి పెంచే కొత్త పరికరాన్ని పరీక్షిస్తున్నారు, దానికోసం వేగం తగ్గించారు. నాకు మింగుడుపడనిది ఇదే. బాగా వినాలంటే నెమ్మదిగా వెళ్ళాలి, బతకాలంటే వేగంగా వెళ్ళాలి.

డిసెంబర్ 9 రాత్రి ఫ్రెంచ్ తయారీ జలాంతర్గామి హంగోర్ మొదట కిర్పాన్ మీదకి టార్పెడో వదిలింది, అది పేలలేదు. రెండోది ఖుక్రి అడుగున పేలింది. నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఓడ వదలని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గురించి అందరికీ తెలుసు, మహావీర చక్ర ఇచ్చారు. ఆ మిగతా 193 మందిలో చాలామంది డెక్కు కింద ఉన్నవాళ్ళు, పైకి వచ్చే టైమే లేదు.

అదే పేరుతో 1989లో వచ్చిన రెండో ఖుక్రిని 2021 డిసెంబరులో విశాఖలో సేవల నుంచి తప్పించారు. ఇప్పుడది దియూలోనే ఉంది.

లింబో గొట్టాల్ని బాంబులు నింపేటప్పుడు పడుకోబెడతారు, పేల్చేటప్పుడు లేపుతారు. ఎలా అతికించాలో రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. నిన్న రాత్రి లేపి అతికించాను. పొద్దున్న చూస్తే ఎడమవైపుది మళ్ళీ ఊడి, ఊరగాయ జాడీ పక్కన పడుంది.