ఒక ప్రాసెసర్, మూడు బేసులు

ప్యాచ్, అంటే ప్రాసెసర్‌లో దాచుకున్న సెట్టింగ్, పంపించమని అడిగే కుర్రాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. గుంటూరు, తెనాలి వైపు చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయించేవాళ్లలో చాలామంది నా దగ్గరున్న జూమ్ బి1 ఫోర్ లాంటి ప్రాసెసరే (బేస్ సౌండ్ మార్చే చిన్న పెట్టె) కొనుక్కున్నారు. ప్రోగ్రామ్ అయ్యాక స్టేజీ పక్కకు వచ్చి "అన్నా, ఆ మూడో పాటలో వాడిన ప్యాచ్ నాకు పంపవా" అంటారు. తప్పకుండా పంపుతాను, దాచుకోవడానికి అందులో ఏమీ లేదు. కానీ పంపేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెబుతాను. అది నా ప్రెసిషన్ బేస్‌కు చేసుకున్న ప్యాచ్. నీ బేస్‌లో పెడితే అదే సౌండ్ రాదు. నీ బేస్‌కు నువ్వే చేసుకోవాలి.

ప్యాచ్‌లో సౌండ్ ఉండదు. కొన్ని అంకెలు మాత్రమే ఉంటాయి. గట్టి స్వరాలను అణిచే కంప్రెసర్ ఎక్కడ పట్టుకోవాలి, గరుకుదనం తెచ్చే డ్రైవ్ ఎంత, ఏ ఫ్రీక్వెన్సీ పెంచాలి, ఏది తగ్గించాలి, అంతే. ఆ అంకెల మీదికి ఏ సిగ్నల్ వస్తుందో దాన్నిబట్టి సౌండ్ తయారవుతుంది. బేస్ మారితే సిగ్నల్ మారిపోతుంది. అందుకే నేను పాటకో ప్యాచ్ చేయను. బేస్‌కో ప్యాచ్ చేస్తాను. ఆ తర్వాతే దాన్ని కాపీ చేసి పాటకు కావలసిన చిన్న చిన్న మార్పులు పెట్టుకుంటాను.

మా ఇంట్లో తిరిగే బేసులు మూడు. మొదటిది ప్రెసిషన్ తరహా పాసివ్ బేస్, అంటే లోపల బ్యాటరీ లేనిది. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్‌కు 1957లో రెండు ముక్కల పికప్ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చేది) వచ్చింది, నా దాంట్లోనూ ఆ తరహా పికప్పే. దానికి ఫ్లాట్‌వౌండ్, అంటే పైచుట్టు నున్నగా ఉండే స్ట్రింగ్స్ వేశాను. అమెరికా మోటౌన్ కంపెనీ రికార్డుల్లో జేమ్స్ జేమర్సన్ 1962 ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వౌండ్సే వాడాడని తెలిశాక నాకూ ఆ పిచ్చి పట్టింది, ఇప్పటికీ వదల్లేదు. రెండోది ఐబనెజ్ ఎస్ఆర్ సిరీస్ ఐదు తీగల బేస్. యాక్టివ్, అంటే లోపల సిగ్నల్ పెంచే ప్రీఆంప్ ఉంటుంది, 9 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. మూడోది మా అక్క కొడుకుది, జాజ్ బేస్ తరహాది. పేరుకు వాడిదే, ఉండేది మాత్రం ఎక్కువగా మా ఇంట్లోనే.

వాడు నా ప్రెసిషన్ ప్యాచ్‌ను ఐబనెజ్ మీద పెట్టి వాయించి చూసి, "మావయ్యా, మీ ప్యాచే కదా, మరి డబ్బాలో వాయించినట్టుందేంటి?" అన్నాడు. వాడికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. కంప్రెసర్ రేషియో 4:1 అనుకుందాం, అంటే థ్రెషోల్డ్ అనే గీత దాటిన ప్రతి 4 డెసిబెల్స్‌కు 1 మాత్రమే బయటికి వదులుతుంది. ప్రెసిషన్ మీద కొంచెం గట్టిగా మీటితే సిగ్నల్ థ్రెషోల్డ్‌కు 4 డెసిబెల్స్ పైకి వెళ్తుందనుకో, బయటికి 1 డెసిబెల్ పైన వస్తుంది. అంటే తగ్గింది 3 డెసిబెల్స్. వినడానికి హాయిగా ఉంటుంది, స్వరాలన్నీ ఒక వరసలో నిలబడతాయి. అదే దెబ్బ యాక్టివ్ బేస్ మీద కొడితే ప్రీఆంప్ పుణ్యమా అని సిగ్నల్ 12 డెసిబెల్స్ పైకి వెళ్లిందనుకో. బయటికి వచ్చేది 3, నొక్కేసింది 9 డెసిబెల్స్. వేలితో మెత్తగా మీటినా గట్టిగా మీటినా ఒకేలా వినిపిస్తుంది. కంప్రెసర్ బాగానే ఉంది, బేసూ బాగానే ఉంది. ఆ అంకె మాత్రం ఈ బేస్‌ది కాదు.

అందుకని ఎఫెక్ట్‌ల జోలికి వెళ్లకముందే లెవెల్ చూడాలి. నేను చేసే పద్ధతి ఇది. ప్రాసెసర్‌లో అన్ని ఎఫెక్ట్‌లూ ఆపేసి, దాన్ని మిక్సర్‌కు పెట్టి, ఆ ఛానల్ మీటర్ చూస్తూ ఒక్కో బేస్‌ను ప్రోగ్రామ్‌లో వాయించేంత గట్టిగా వాయిస్తాను. ఇంట్లో వాయించినట్టు కాదు, స్టేజీ మీద డ్రమ్మర్ పక్కనుంటే చెయ్యి ఎంత బరువెక్కుతుందో అంత. పాసివ్ బేస్‌కు వాల్యూమ్ నాబ్ పూర్తిగా తెరిచే ఉంచుతాను. పాసివ్‌లో వాల్యూమ్ తగ్గిస్తే సౌండ్‌తోపాటు పైనున్న ట్రెబుల్ కూడా కొంత పోతుంది. యాక్టివ్‌లో ఆ బాధ పెద్దగా ఉండదు. కాబట్టి ఐబనెజ్ వాల్యూమే తగ్గించి మీటర్ మీద ప్రెసిషన్ దగ్గరికి తెస్తాను. ఆ స్థానంలో నాబ్ మీద తెల్ల మార్కర్‌తో గీత పెట్టుకున్నాను. ప్రోగ్రామ్‌లో బేస్ మార్చినప్పుడు చీకట్లో కూడా ఆ గీత చూసి తిప్పుకుంటాను.

ఇంకో సంగతి, ఇది చిన్న చర్చిల్లో వాయించేవాళ్లకు ముఖ్యం. చాలాచోట్ల బేస్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు గుచ్చేస్తారు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (వచ్చే సిగ్నల్‌కు అది చూపే నిరోధం) సాధారణంగా 10 వేల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. పాసివ్ పికప్‌కు అది చాలదు, దానికి దాదాపు 10 లక్షల ఓమ్‌లు కావాలి. తక్కువ ఇంపెడెన్స్‌లో పెడితే పికప్ నీరసించిపోతుంది. సౌండ్ తగ్గుతుంది, పైభాగం మూసుకుపోతుంది. అప్పుడు మిక్సర్ దగ్గర కూర్చున్న బ్రదర్ ట్రెబుల్ పెంచుతాడు, గరగర పెరుగుతుంది, బేస్ మాత్రం బయటికి రాదు. మధ్యలో ప్రాసెసర్ ఉంటే, ఒక్క ఎఫెక్ట్ కూడా వేయకపోయినా, ఈ సమస్య తీరిపోతుంది. నా ప్రెసిషన్‌కు ప్రాసెసర్ చేసే మొదటి మేలు ఇదే. యాక్టివ్ బేస్‌కు లోపలి ప్రీఆంపే ఈ పని చేసేస్తుంది కాబట్టి దాంట్లో ఈ తేడా అంతగా తెలియదు. బేస్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే వైరు మాత్రం పాసివ్‌కు పొట్టిగా ఉండాలి. వైరు పొడవు పెరిగేకొద్దీ ట్రెబుల్ తినేస్తుంది. ప్రాసెసర్ దాటాక పొడవు అంత పట్టించుకోనక్కర్లేదు, కానీ నా ప్రాసెసర్‌కు మైక్ వైరు పట్టే ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ లేదు కాబట్టి దూరంగా ఉన్న మిక్సర్‌కు వెళ్లేటప్పుడు, సిగ్నల్‌ను దూరం పంపడానికి అనువుగా మార్చే డీఐ బాక్స్ పెట్టుకుంటాను.

జాజ్ బేస్‌తో వేరే తలనొప్పి. దాంట్లో రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే ఒకదాని హమ్‌ను (కరెంటు వల్ల వచ్చే గుర్రుమనే మోత) ఇంకొకటి కొట్టేస్తుంది. వెనక పికప్ ఒక్కటే కావాలని ముందుది తగ్గించారో, హమ్ మొదలు. ముఖ్యంగా పెళ్లి మండపాల్లో. సీరియల్ లైట్లు, డిమ్మర్లు, జనరేటర్, అన్నీ స్టేజీ చుట్టే ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఇ తీగ మూడో ఫ్రెట్ దగ్గర మోగే జి స్వరం 49 హెర్ట్జ్. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అంటే ఈక్వలైజర్‌లో 50 దగ్గర కోస్తే హమ్‌తోపాటు మన జి కూడా పోతుంది. జి స్కేల్లో పాట వస్తే ఇక బేస్ లేనట్టే. కాబట్టి ఆ దారి వద్దు. నాయిస్ రిడక్షన్ బ్లాక్ మొదట్లోనే పెట్టి, వాయించకుండా ఆగినప్పుడు హమ్ మాయమయ్యేంత వరకే థ్రెషోల్డ్ పెంచాలి. ఎక్కువ పెంచితే సాగదీసిన స్వరం చివర ఠక్కున తెగిపోతుంది. నెమ్మది ఆరాధన పాటల్లో అది చాలా ఘోరంగా వినిపిస్తుంది. మా వాడి ప్యాచ్‌లో ఈ బ్లాక్ తప్పనిసరి. అదే బ్లాక్ నా ప్రెసిషన్ ప్యాచ్‌లో లేనే లేదు, ఎందుకంటే ప్రెసిషన్ పికప్‌లో రెండు ముక్కలూ ఒకదాని హమ్‌ను ఒకటి తీసేస్తాయి. ఒకరి ప్యాచ్ ఇంకొకరికి ఎందుకు కుదరదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక ఐదో తీగ. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు ఇ 41 హెర్ట్జ్. ఐదో తీగ బి 31 హెర్ట్జ్. వినడానికి తేడా పది హెర్ట్జే, కానీ స్పీకర్లకు ఆ పది చాలా భారం. డిసెంబరు వస్తే మా వైపు సెమీ క్రిస్మస్ ప్రోగ్రాములు వరసగా ఉంటాయి, ఎక్కువ భాగం బయట గ్రౌండ్లలో. అద్దెకు తెచ్చే సబ్‌వూఫర్లు బి తీగ మీద గట్టిగా మీటితే ఊగిపోతాయి. అవతల నుంచి "అన్నా, లో కొంచెం తగ్గించన్నా, సబ్ కొట్టుకుంటోంది" అని కేక వస్తుంది. తగ్గించమన్నారు కదా అని బేస్ మొత్తం తగ్గిస్తే పాట పునాది పోతుంది.

ఇక్కడే ప్రాసెసర్ విలువ తెలుస్తుంది. బేస్ ఆంపుల్లో పెద్దన్న ఆంపెగ్ ఎస్‌విటి, 1969లో వచ్చింది, 300 వాట్లు. దాంతో వాడే ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్ దాదాపు 58 హెర్ట్జ్ కిందికి వెళ్తే తగ్గిపోవడం మొదలవుతుంది. అయినా దాన్ని బేస్‌కు రాజు అంటారు. ఎలాగంటే, బి తీగ మీటినప్పుడు 31తోపాటు దాని రెట్టింపు 62, ఆ పైన 93, ఇలా పై స్వరాలు కూడా మోగుతాయి. మన చెవి వాటిని విని, అడుగు స్వరాన్ని తనంతట తానే పూరించుకుంటుంది. కాబట్టి ఐబనెజ్ ప్యాచ్‌లో నేను ఎస్‌విటి తరహా ఆంప్ మోడల్, క్యాబినెట్ పెట్టి, ఈక్వలైజర్‌లో అట్టడుగు బ్యాండ్ 3, 4 డెసిబెల్స్ తగ్గించి, 800 హెర్ట్జ్ చుట్టూ కొంచెం పెంచుతాను. హెడ్‌ఫోన్స్‌లో వింటే "ఏంటి, అడుగు పోయింది" అనిపిస్తుంది. గ్రౌండ్లో వింటే ప్రతి స్వరం విడివిడిగా తెలుస్తుంది, సబ్ కూడా కుదురుగా ఉంటుంది. ఇదే సెట్టింగ్ ప్రెసిషన్‌కు పెడితే గొంతు పీలగా అయిపోతుంది. దాంట్లో అట్టడుగు బ్యాండ్ అసలు ముట్టుకోను.

(కీబోర్డ్ వాయించేవాళ్లకు ఒక మనవి. మీ ఎడమ చెయ్యి కూడా బేస్ స్వరాల దగ్గరే ఉంటే ఏ ప్యాచూ మమ్మల్ని కాపాడలేదు. దయచేసి ఒక ఆక్టేవ్ పైకి జరపండి.)

డ్రైవ్ విషయంలో ఫ్లాట్‌వౌండ్ తీగలకూ మామూలు రౌండ్‌వౌండ్ తీగలకూ చాలా తేడా. రౌండ్‌వౌండ్స్‌లో పై స్వరాలు పుష్కలం, కాస్త డ్రైవ్ ఇచ్చినా గరుకుదనం పైకి తేలుతుంది. ఫ్లాట్‌వౌండ్స్‌లో ఆ పైభాగమే తక్కువ కాబట్టి అంతే డ్రైవ్ ఇస్తే సౌండ్ చిక్కబడుతుంది తప్ప అరవదు. నాకు ఈ చిక్కదనమే ఇష్టం. ఏ బేస్ అయినా డ్రైవ్ మిక్స్ నాబ్ సగం దాటించను, శుభ్రమైన సిగ్నల్ కొంత కలవకపోతే అడుగు కరిగిపోతుంది.

ఆక్టేవ్ ఎఫెక్ట్ (ఒక ఆక్టేవ్ కింది స్వరాన్ని కలిపేది) ఐదు తీగల బేస్ మీద కిందికి వాయించేటప్పుడు వాడకండి. 31 హెర్ట్జ్‌లో సగం ఎవరికీ వినపడదు, ప్రాసెసర్ కూడా స్వరాన్ని పట్టుకోలేక తడబడుతుంది. ఎ తీగ ఐదో ఫ్రెట్ నుంచి పైకి వాయిస్తే బాగా పలుకుతుంది. దానికి ముందు కంప్రెసర్ పెడితే ఇంకా నిలకడగా ఉంటుంది. మీటినప్పుడల్లా "వా" అన్నట్టు పలికించే ఆటో వా ఎఫెక్ట్ మాత్రం కంప్రెసర్‌కు ముందే ఉండాలి, ఎందుకంటే అది మన వేలి బలాన్ని బట్టే తెరుచుకుంటుంది. బేస్ మారితే దాని సెన్సిటివిటీ మార్చక తప్పదు. యాక్టివ్ బేస్‌కు తక్కువ, పాసివ్‌కు ఎక్కువ.

బి1 ఫోర్‌లో ఒకేసారి ఐదు ఎఫెక్ట్‌లు వేసుకోవచ్చు, 50 ప్యాచ్‌లు దాచుకోవచ్చు. రెండు ఫుట్‌స్విచ్‌లతో ప్యాచ్ ముందుకూ వెనక్కూ మారుతుంది. అందుకే ఒక బేస్ ప్యాచ్‌లన్నీ పక్కపక్కన పెట్టాను. మొదటి పది ప్రెసిషన్‌కు, తర్వాతి పది ఐబనెజ్‌కు, ఆపైన జాజ్‌కు. ప్యాచ్‌లన్నిటి లెవెల్ ఒకేలా ఉందో లేదో మాత్రం హెడ్‌ఫోన్స్‌లో తేల్చకూడదు. చర్చి ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, స్పీకర్లలో, ప్రోగ్రామ్ వాల్యూమ్‌లో విని సరిచేసుకోవాలి. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి అడుగు స్వరాలు సరిగా వినపడవు కాబట్టి ఇంట్లో చేసిన ప్యాచ్‌లో మనకు తెలియకుండానే అడుగు ఎక్కువ పెట్టేస్తాం.

కరెంటు గురించి ఒక్క ముక్క. అడాప్టర్ 9 వోల్టులు, మధ్య పిన్ నెగటివ్. స్టేజీ మీద ఏదో కీబోర్డ్ అడాప్టర్ దొరికింది, సరిగ్గా పట్టింది కదా అని గుచ్చకండి, దాని వోల్టులూ పిన్నూ చూసుకోండి. నాలుగు ఏఏ సెల్స్‌తో కూడా నడుస్తుంది, బ్యాగులో ఒక సెట్ కొత్తవి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. యాక్టివ్ బేస్‌కు 9 వోల్టుల బ్యాటరీ కూడా స్పేర్ ఉండాలి. జాక్ గుచ్చి ఉంచినంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, విరామంలో జాక్ పీకేయడం అలవాటు చేసుకోండి. బ్యాటరీ అయిపోయే ముందు సౌండ్ చిరిగినట్టు వస్తుంది, దాన్ని డ్రైవ్ ఎక్కువైందనుకుని ప్యాచ్ మార్చేస్తే ఇంకాస్త గందరగోళం.

మా వాడి జాజ్ బేస్‌కు పోయిన వారం ఇద్దరం కూర్చుని ఖాళీ ప్యాచ్ నుంచి మొదలుపెట్టాం. ముందు నాయిస్ రిడక్షన్, తర్వాత కంప్రెసర్ 3:1, ఆపైన ఈక్వలైజర్‌లో 250 దగ్గర కొంచెం కోత, చివర ఆంప్ మోడల్. ఐదో బ్లాక్ ఖాళీగా వదిలేశాం. అందులో ఏం పెట్టాలో వాడినే తేల్చుకోమన్నాను. ఇప్పటికైతే కోరస్ ఎఫెక్ట్ పెట్టుకుని వాయిస్తున్నాడు. నాకు కొంచెం ఎక్కువే అనిపించింది, కానీ ఆ బేస్ వాడిది, ఆ ప్యాచూ వాడిదే.