వుల్ఫ్ చదివిన పుస్తకాలు, సిల్వర్ వేసిన లెక్క

ఈరోజంతా ద కీప్‌లోనే గడిచిపోయింది. ఇంగ్లండులో బ్రైటన్ ఊరు దాటి ఫాల్మర్ వైపు వస్తే తగిలే ఆర్కైవ్ ఇది, అంటే పాత కాగితాలు భద్రపరిచే చోటు, 2013లో తెరిచారు. ససెక్స్ యూనివర్సిటీకి చేరిన ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ కాగితాలు, అందరూ మంక్స్ హౌస్ పేపర్స్ అనేవి, ఇక్కడే ఉంటాయి. పెన్ను పట్టుకెళ్లనివ్వరు, పెన్సిలే. బ్యాగూ కోటూ లాకర్లో పడేసి లోపలికెళ్లి కూర్చున్నాక మధ్యాహ్నం రెండు దాటేదాకా ఆకలి సంగతే గుర్తు రాలేదు.

నా పని ఆమె నవలలతో కాదు, ఆమె చదువుకుంటూ రాసుకున్న నోట్‌బుక్కులతో. వుల్ఫ్ అనగానే నవలలే చెప్తారు కానీ ఆమె 1905 నుంచీ టైమ్స్ లిటరరీ సప్లిమెంట్‌కి పుస్తక సమీక్షలు రాసింది, నవలాకారిణి కావడానికి పదేళ్ల ముందు నుంచే అన్నమాట, పైగా అప్పట్లో ఆ పత్రికలో సమీక్ష కింద రాసినవాళ్ల పేరు వేసేవాళ్లు కాదు. అంటే ఆమె చేసిన చదువు పనిలో చాలా భాగం పేరు లేకుండానే అచ్చయింది. పుస్తకాల అంచుల్లో గీతలు గీసి రాసేవాళ్లంటే ఆమెకి ఒళ్లుమంట. తను మాత్రం విడిగా నోట్‌బుక్కు పెట్టుకుని, పేజీ నంబరు వేసి, పక్కన ఆ పేజీలో నచ్చిన వాక్యమో, కోపం తెప్పించిన వాక్యమో, తనకి తట్టిన ముక్కో రాసుకునేది. దస్తూరీ చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది, కొన్ని చోట్ల ఒక్క మాట కోసం పావుగంట చూడాలి.

ఈ గజిబిజిలో నాకు దారి చూపిస్తున్నది బ్రెండా సిల్వర్. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1983లో ఆవిడ ఈ నోట్‌బుక్కుల మీద తెచ్చిన పుస్తకం ఉదయం నుంచీ నా మోచేతి పక్కనే ఉంది. మొత్తం 67 నోట్‌బుక్కులు. అవైనా ఒక్క చోట లేవు, కొన్ని ఇక్కడ, కొన్ని న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోని బెర్గ్ కలెక్షన్‌లో, ఇంకొంచెం యేల్ యూనివర్సిటీలో. వుల్ఫ్ 1941లో పోయాక కాగితాలన్నీ భర్త లెనార్డ్ దగ్గరే ఉండిపోయాయి. 1950ల చివర్లో ఆయన డైరీలతో సహా కొన్నిటిని షికాగో పుస్తక వ్యాపారులిద్దరి ద్వారా న్యూయార్క్‌కి అమ్మాడు, 1969లో ఆయన కూడా పోయాక మిగిలినవి ససెక్స్‌కి వచ్చాయి. ఒకే మనిషి చదువు సముద్రానికి ఇటూ అటూ చీలిపోయింది. ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

సిల్వర్ చేసిన పని చెప్పడానికి ఒక్క ముక్కే, చేయడానికి మాత్రం ఏళ్లు. ప్రతి నోట్‌బుక్కులో ప్రతి ఎంట్రీ ఏ పుస్తకం గురించో, ఆ పుస్తకంలో ఏ ముద్రణో తేల్చడం. వుల్ఫ్ చాలా చోట్ల రచయిత పేరు మాత్రమే రాసి వదిలేస్తుంది. పేజీ నంబర్లు పట్టుకుని, ఆ వాక్యం సరిగ్గా ఆ పేజీలోనే పడే ముద్రణ దొరికేదాకా వెతకాలి. అది తేలితే ఆ నోట్సు ఏ వ్యాసం కోసమో తెలుస్తుంది, దాన్నిబట్టి ఎప్పుడు చదివిందో తెలుస్తుంది. కరణం సర్వే రాళ్లు చూసుకుంటూ పొలం చుట్టూ నడిచినట్టు ఒక మనిషి చదువు చుట్టూ నడవడమే ఇది. ఇలాంటి పనిని క్లరికల్ పని అని తీసిపారేసేవాళ్లని చాలామందిని చూశాను. విమర్శ అంటే సిద్ధాంతాలే అనుకునేవాళ్లు ఒక్కరోజు సిల్వర్ తయారుచేసిన ఈ సూచిక పక్కన పెట్టుకుని అసలు పేజీ చదవడానికి ప్రయత్నించాలి. ఒకరిని ఇంత శ్రద్ధగా చదవడం కంటే పెద్ద విమర్శ ఏముంటుందో నాకైతే తెలీదు.

మధ్యాహ్నం తిన్నాక, వుల్ఫ్ తన త్రీ గినీస్ అనే పుస్తకం కోసం పెట్టుకున్న స్క్రాప్‌బుక్కుల స్కాన్లు తెరిచాను. మూడు పుస్తకాలు, 1930లలో పోగుచేసినవి. పేపర్ల కత్తిరింపులు, తనకొచ్చిన ఉత్తరాలు, జీవిత చరిత్రల్లోంచి ఎత్తి టైపు చేసుకున్న వాక్యాలు, అన్నీ కలిపి అంటించుకుంది. ఆడవాళ్ల చదువు గురించి, ఉద్యోగాల గురించి, యుద్ధం గురించి మగవాళ్లు పేపర్లో ఏమంటున్నారో రోజూ చూసి కత్తిరించి పెట్టుకుంది. 1938లో త్రీ గినీస్ వచ్చినప్పుడు వెనక వందకు పైగా నోట్స్ ఉన్నాయి, వాటిలో కొన్ని చిన్న వ్యాసమంత పొడుగు. కోపంతో రాసిన పుస్తకం అని చాలామంది అప్పట్లో విసుక్కున్నారు. కోపమే, కాదనను. కానీ ప్రతి మాటకీ కాగితం చూపించగల కోపం. ఆ కత్తిరింపులు చూశాక నాకు ఆ పుస్తకం మీద గౌరవం ఇంకా పెరిగింది.

సాయంత్రం బస్సులో ఉండగా అక్క ఫోన్ చేసింది. తను విజయవాడలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్తుంది.

"ఇంతకీ రోజంతా ఏం చదివావే?"

"ఆవిడ ఏం చదివిందో చదివానక్కా."

"బావుంది! మా పిల్లలకి చూపించడానికి పనికొచ్చేది ఏదైనా ఉంటే చెప్పు, ఆ త్రీ గినీస్‌లో ఒట్టి పేరాలే కనబడి భయపడుతున్నారు."

ఫొటోల గురించి చెప్పాను. మొదటి ముద్రణలో ఐదు ఫొటోలున్నాయి, పతకాలు తగిలించుకున్న జనరల్, బాకాలూదే రాజోద్యోగులు, యూనివర్సిటీ ఊరేగింపు, జడ్జి, ఆర్చ్‌బిషప్. అందరూ మగవాళ్లే, అందరూ పెద్ద పెద్ద వేషాల్లో. తర్వాత వచ్చిన ముద్రణల్లో చాలావాటిలో వీటిని తీసేశారు, అక్క దగ్గరున్న కాపీలోనూ లేవట. వాదన సగం ఆ బట్టల మీదే నడుస్తుంటే బొమ్మలు తీసేసి పుస్తకం అమ్మడం చాలా అన్యాయం అనిపించింది ఇద్దరికీ. ఫొటోలున్న ముద్రణ వివరాలు ఈ రాత్రికి మెసేజ్ పెడతానన్నాను, శుక్రవారం క్లాసులో ముందు ఆ ఐదూ చూపించి, ఆ తర్వాతే మొదటి పేజీ తెరిపిస్తానంది.