పాత 1911 పిస్టల్‌కి కంటికి ఆనే సైట్లు

ఎం1911ఏ1 పిస్టల్ చేతిలో ఎంత చక్కగా ఇముడుతుందో, దాని పాతకాలపు సైట్లు (గురి చూసుకునే ముందు, వెనక ముక్కలు) కంటికి అంత ఆనవు. ముందు సైట్ పొట్టి, సన్నటి రేకు. వెనక సైట్ గాడి ఇరుకు. గురి కుదరాలంటే గాడిలో ముందు సైట్‌కి రెండు పక్కలా వెలుతురు గీత కనబడాలి. చత్వారం వచ్చిన కళ్ళకి, అదీ నీడలో, ఆ గీతలే దొరకవు.

యుద్ధకాలపు సైనిక ముద్రలున్న అసలు పిస్టల్ అయితే మాత్రం దాన్ని ముట్టుకోకండి. మిల్లింగ్ చేసిన (మిషన్ మీద కోసిన) స్లైడ్, అంటే సైట్లుండే పై భాగం, మళ్ళీ పాత రూపానికి రాదు. సైట్లు మార్చే ఈ పని అదే నమూనాలో ఈమధ్య తయారైన వాటికే. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇంట్లో చేసుకుంటారు గానీ, మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం మరమ్మతుకి లైసెన్సున్న పనివాడే కావాలి.

ముందుగా మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) తూటా లేదని కంటితోనూ వేలితోనూ చూసి, స్లైడ్ విడదీయండి.

వెనక సైట్ తేలిక. డవ్‌టెయిల్ గాడిలో (అడుగు వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే అడ్డ గాడిలో) ఉంటుంది కాబట్టి ఇత్తడి పంచ్ పెట్టి ఎడమ నుంచి కుడికి కొడితే బయటికొస్తుంది. కొత్తది కుడి నుంచి ఎడమకి ఎక్కాలి. వైస్ దవడలకి ఇత్తడి రేకులు తొడగండి, స్లైడ్ మీద టేపు వెయ్యండి. కొత్త సైట్ వేలితో నెడితే మూడో వంతు దూరం వెళ్ళి ఆగాలి. అంతకంటే బిగుతైతే ఆకురాయి పెట్టాల్సింది సైట్ అడుగుకి. స్లైడ్ గాడిని రాస్తే తప్పు దిద్దుకునే దారి ఉండదు.

అసలు కష్టం ముందు సైట్‌తోనే. పాత పద్ధతిలో దాని కాలు స్లైడ్ రంధ్రంలోంచి లోపలికి దిగుతుంది, అక్కడ దాన్ని నలగ్గొట్టి బిగిస్తారు. ఆ కాలు మందం 1.5 మిల్లీమీటర్లే. దాని మీద ఎత్తైన, బరువైన సైట్ పెడితే, పేల్చిన ప్రతిసారీ స్లైడ్ కొట్టే దెబ్బకి కాలు వదులై ఒకరోజు సైట్ ఎగిరిపోతుంది. రెడ్ లాక్‌టైట్ (లోహాన్ని పట్టి ఉంచే జిగురు) రాయడం మంచిదే, అయితే దానికి ముందు అసిటోన్‌తో నూనె పూర్తిగా తుడవాలి. నలగ్గొట్టిన లోహం లోపల పొడుచుకొస్తే బుషింగ్ (స్లైడ్ ముందు కొసలో గొట్టాన్ని పట్టుకునే ఉంగరం) ఎక్కదు, ఆ పొడుచుకొచ్చిన లోహాన్ని ఆకురాయితో సమంగా అరగదీయాలి. ఎత్తైన సైటే కావాలంటే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) చేత ముందు కూడా డవ్‌టెయిల్ కోయించడం మేలు.

రెండు సైట్లూ జతగా కొనండి. వెనకది ఒక్కటే ఎత్తైతే తూటా పైకి పోతుంది. లెక్క ఇది: తూటా ఎంత తప్పిందో దాన్ని సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించాలి. ఈ పిస్టల్‌లో సైట్ల మధ్య దూరం దాదాపు 165 మిల్లీమీటర్లు. 25 మీటర్ల దగ్గర 50 మిల్లీమీటర్లు కిందికి తగులుతుంటే, 50 × 165 ÷ 25,000, అంటే 0.33 మిల్లీమీటర్లు ముందు సైట్ తగ్గాలి. పైకి తగులుతుంటే అరగదీయడానికి ఏమీ లేదు, ముందు ఇంకా ఎత్తైన సైట్ వెయ్యాల్సిందే. అందుకే ముందు సైట్ మొదట కాస్త ఎత్తైనదే కొనాలి.

చీకట్లో మెరిసే చుక్కలున్న సైట్ల విషయానికొస్తే, వాటిని వెలిగించే రేడియోధార్మిక వాయువు ట్రిటియం అర్ధజీవిత కాలం (సగానికి తగ్గే సమయం) 12.3 ఏళ్ళు, కాబట్టి పాతవి మసకబారి ఉంటాయి. పగటిపూట కాల్చేవాళ్ళకి వెనక నల్లటి గాడి, ముందు ఒక్క రంగు చుక్క చాలు. డబ్బు పెట్టే ముందు పాత రేకుకి తెల్ల రంగు పూత వేసి, ఆరాక పైన మెరిసే నారింజ రంగు నెయిల్ పాలిష్ రాసి చూడండి. నచ్చకపోతే అసిటోన్‌తో తుడిస్తే పోతుంది.