తంగేడు లేని ఊళ్లో బతుకమ్మ

గుమ్మడి పువ్వు తెల్లవారేసరికి విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. బతుకమ్మ పేర్చేదేమో సాయంత్రం. ఈ చిక్కు అర్థమైన ఏడాది నుంచి, బతుకమ్మ రోజుల్లో స్కూల్ బస్సు రాకముందే మా పాప పెరట్లోకి పరుగెత్తుతుంది. రెండు పూలు కోసి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో దాచి అప్పుడు బ్యాగు తగిలించుకుంటుంది. సన్నని పొడుగు కాడ ఉంటే మగ పువ్వు, రేకుల కింద గుండ్రంగా చిన్న పిందె ఉంటే ఆడ పువ్వు. కోసేది మగ పువ్వే. ఆ రోజులకి హాలోవీన్ పండగకి చెక్కే గుమ్మడికాయలు ఎలాగూ పెరిగిపోయి ఉంటాయి, కొత్త పిందె ఇక ఎదగదు. అయినా పిందె ఉన్న పువ్వు జోలికి మాత్రం మా పిల్లలిద్దరూ పోరు.

మేముండేది అమెరికాలో, మినసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ శివార్లలో. నేను పుట్టి పెరిగింది హనుమకొండ. చిన్నప్పుడు వేయిస్తంభాల గుడి దగ్గర జనం మధ్యలో అమ్మ కొంగు పట్టుకుని నిలబడిన పిల్లని. చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పద్మాక్షి గుట్ట కింద చెరువులో బతుకమ్మలు వరసగా తేలుతూ పోవడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. అందుకే మొదట్లో నాకు ఒకటే పట్టుదల, ఇక్కడా అచ్చం అలాగే చేయాలని. ఒక ఏడాది అమ్మతో గుడ్డ పూలు పార్సిల్ తెప్పించుకున్నాను. తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి, చామంతి, అన్నీ గుడ్డవే. వాటిని వరసలుగా పేర్చి, పైన గౌరమ్మను పెట్టాను. చూడటానికి చక్కగానే ఉంది. అప్పటికి మూడేళ్లున్న మా పాప వచ్చి, ఒక పువ్వు పీకి, మళ్లీ గుచ్చి, బొమ్మలు ఆడుకోవడానికి వెళ్లిపోయింది. దాంట్లో తను చేయడానికి ఏమీ మిగల్లేదు మరి. పని అంతా కుట్టినవాళ్లే చేసేశారు.

మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో పక్కింటి పెద్దావిడ కంచె వెంబడి పసుపు రంగు మొక్కలు నడుం ఎత్తున పూశాయి. దూరం నుంచి చూస్తే మా ఊరి చెరువు గట్టు మీది తంగేడే. దగ్గరికెళితే కాదు. ఇవి సన్నని, గింజల్లాంటి పూలు, గుత్తులు గుత్తులుగా ఉంటాయి. గోల్డెన్‌రాడ్ అంటారు, మినసోటాలో ఎక్కడ ఖాళీ నేల ఉంటే అక్కడ మొలుస్తుంది. అడిగితే కావలసినంత కోసుకోమంది ఆవిడ. దీనివల్ల తుమ్ములు వస్తాయని చాలామంది భయపడతారు గానీ, ఆ పుప్పొడి బరువుది, గాలికి ఎగరదు, పురుగులు మోసుకుపోవలసిందే. తుమ్ములు తెప్పించేది అదే సమయంలో పూసే రాగ్‌వీడ్, దాని పువ్వు ఎవరి కంటికీ ఆనదు.

బకెట్‌లో నీళ్లు పోసి ఆ పూలు రాత్రంతా గరాజ్‌లో ఉంచాను. పొద్దున చూస్తే గోడ నిండా పురుగులు! పసుపు ఒంటి మీద నల్ల మచ్చలున్నవి, చీమలు, రెండు తేనెటీగలు కూడా. నాకు టెన్షన్, పిల్లలకి పండగ. బాబు అప్పటికి ఇంకా సరిగ్గా నడవడం రాని పసివాడు, వేలు చూపించి ఒకటే కేకలు. పాప ఒక్కో పురుగునీ కాగితం మీదకు ఎక్కించి బయట వదిలి వచ్చింది, గంటసేపు. ఆ తర్వాత పూలు పేరుస్తుంటే పక్క నుంచి కదల్లేదు. ఆ సాయంత్రమే గుడ్డ పూలను అట్టపెట్టెలో పెట్టి పైన అటక మీదికి ఎక్కించాను. మళ్లీ దింపలేదు.

బతుకమ్మ అంటేనే ఆ ఋతువులో ఆ నేల మీద పూసిన పువ్వు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, నాకు ప్రాణం, కానీ అది పూసే చోట మేము లేం. ఇక్కడ పూసింది పెడితేనే అది పండగ అని నా గట్టి నమ్మకం. ఊదా రంగు ఆస్టర్లు, జినియాలు, పక్కన బంతి. బంతి పుట్టిల్లు మెక్సికో. పాప క్లాసులో ఉన్న మెక్సికన్ పిల్ల వాళ్లింట్లో నవంబర్ 1, 2 తేదీల్లో పోయిన పెద్దల ఫోటోల ముందు ఇవే పూలు పెడతారట. మనకూ ఎంగిలిపూల బతుకమ్మ పెత్రమావాస్య నాడే మొదలవుతుంది, పెద్దలకు బియ్యమిచ్చే రోజు. ఈ రెండింటినీ కలిపి చూసింది నేను కాదు, పాపే. బడి నుంచి వచ్చి, "అమ్మా, వాళ్లకీ తాతలు బంతిపూలకే వస్తారంట" అంది.

గునుగు మాత్రం మేమే పండిస్తాం. ఇక్కడ సెలోసియా పేరుతో విత్తనాలు దొరుకుతాయి, గునుగు కూడా ఆ జాతిదే. మే నెల మధ్య దాకా మంచు భయం ఉంటుంది కాబట్టి ఏప్రిల్‌లోనే ఇంట్లో కిటికీ దగ్గర మొలకెత్తించాలి. గుడ్ల అట్టల గుంటల్లో మట్టి నింపి, గుంటకు రెండు గింజలు. ఆవాల కంటే చిన్న నల్లటి గింజలవి, మెరుస్తుంటాయి. నాలుగేళ్ల పిల్లవాడి వేళ్లకు అవి అందవు, తడి చేసిన ఐస్‌క్రీం పుల్లకు అంటించి దించుతాడు. సెప్టెంబర్‌కి కంకులు వస్తాయి. లేత రంగు కంకుల కొసలను ఫుడ్ కలర్‌లో ముంచి ఆరబెట్టడం పిల్లల పని. మా ఊళ్లో గునుగుకి గులాబీ, ఆకుపచ్చ రంగులు అద్దేది అక్కలే, నన్ను గిన్నె దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందుకే ఆ గిన్నెలు పూర్తిగా పిల్లలకే వదిలేశాను.

అడవి పూలు కోయడానికి ఇక్కడ ఎక్కడపడితే అక్కడ దిగకూడదు, స్టేట్ పార్కుల్లో అసలే కోయకూడదు. మా పెరడు, పక్కింటి కంచె, అంతే. ఆ కంచె దగ్గర కూడా సగం ఉంచేస్తాం. ఆ రోజుల్లో మెక్సికో దాకా వెళ్లే మోనార్క్ సీతాకోకచిలుకలు దారిలో ఈ పూల మీదే ఆగి తేనె తాగుతాయి.

బతుకమ్మ కంటే ముందు బొడ్డెమ్మ ఉంది, అది పిల్లల పండగ. బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులు ఆడపిల్లలు పుట్టమన్నుతో అంతస్తులుగా కట్టి, పూలు గుచ్చి చుట్టూ ఆడేవారు. ఊళ్లలో కూడా తగ్గిపోయింది. మా ఇంట్లో దాన్ని మళ్లీ మొదలుపెట్టాను, ఎందుకంటే మట్టి పిసకడం కంటే పసిపిల్లలకు నచ్చే పని ఇంకొకటి లేదు. పెరటి మట్టి జిగురుగానే ఉంటుంది. పాత పీట మీద పెద్ద ముద్ద, దాని మీద కొంచెం చిన్నది, ఆపైన ఇంకా చిన్నది. మగపిల్లవాడు చేయొచ్చా అని ఒకరు అడిగారు. మా ఇంట్లో చేస్తాడు.

ఇక తినేవి. తొమ్మిది రోజులకు తొమ్మిది పేర్లు, దాదాపు ప్రతి పేరులోనూ ఆనాటి పలారం దాగి ఉంటుంది. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం, అట్ల, వేపకాయల, వెన్నముద్దల, చివరికి సద్దుల బతుకమ్మ. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఏమీ పెట్టరు, పేర్చరు. దసరా సెలవులు లేని దేశంలో, ఇద్దరం ఉద్యోగాలు చేస్తూ తొమ్మిది రోజులూ అన్నీ చేయడం నావల్ల కాదు. నానబియ్యం, వేపకాయలు, నువ్వుల ముద్దలు తప్పనిసరి. మిగతావి కుదిరితేనే.

నానబియ్యం బాబుది. పొద్దున నానబోసిన బియ్యం సాయంత్రానికి వేలితో నలిపితే విరుగుతుంది. నీళ్లు వంచేసి, చిన్న రాతి రోట్లో పిడికెడు పిడికెడు వేసి ఇస్తాను. నేల మీద బట్ట పరిచి, రోలుని రెండు పాదాల మధ్య బిగించి కూర్చుంటాడు. తెల్లటి తడి పిండి మోకాళ్ల దాకా చిందుతుంది. సగం పలుకులుగానే ఉండిపోతుంది, దాన్నలాగే బెల్లం తురుము, కాచి చల్లార్చిన పాలు కలిపి గౌరమ్మ ముందు పెడతాం. మిక్సీలో వేస్తే నిమిషం పని. కానీ ఆ శబ్దం విని వాడు వంటింట్లోంచి పారిపోతాడు, రోలు చప్పుడైతే వెతుక్కుంటూ వస్తాడు.

వేపకాయలు పాప చుడుతుంది. బియ్యప్పిండిలో ఉప్పు, కారం, జీలకర్ర, నువ్వులు, కొంచెం వెన్న, ఆపైన వేడి నీళ్లు. చల్లారాక అరచేతుల్లో పొడుగ్గా, రెండు కొసలు సన్నగా చుట్టి తడిబట్ట కింద పెట్టాలి. లోపల గాలి చిక్కితే నూనెలో పేలే ప్రమాదం ఉంది. అందుకే ప్రతిదాన్నీ నేను ఇంకోసారి వేలితో తడిమి చూస్తాను. వేయించడం మాత్రం నాదే, వెనక బర్నర్ మీద, పిల్లలు బల్ల అవతల ఉండగా. చిన్నవీ పెద్దవీ కలిపి వేస్తే చిన్నవి మాడిపోతాయి, అందుకని సైజు ప్రకారం ఏరిపెట్టే ఉద్యోగం బాబుకి ఇచ్చాం. వీడియో కాల్‌లో అమ్మ అడిగింది, "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" "వేపకాయలు, అమ్మమ్మా." "చేదున్నాయా?" అంటే పాపకు నవ్వు ఆగలేదు. వేపచెట్టును అది చూసింది ఒక్కసారే, ఆకు నోట్లో పెట్టుకుని ఏడ్చింది కూడా.

నువ్వుల ముద్దలకు కప్పు నువ్వులు దోరగా వేయించి, ముప్పావు కప్పు బెల్లంతో కలిపి ఆపి ఆపి మిక్సీ తిప్పాలి. ఆపకుండా తిప్పితే నూనె తేలి ముద్దయిపోతుంది. రెండు చెంచాల నెయ్యి వేసి ఉండలు కడతారు. వీటిని క్లాసు పిల్లలకు పంపేముందు టీచర్‌కి ఒక మాట రాస్తాను. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా ప్యాకెట్ల మీద తప్పక రాయాల్సిన ఎలర్జీ పదార్థాల్లో చేరాయి, తొమ్మిదోది. మన పలారాల్లో నువ్వులు లేనిది తక్కువ కదా.

మా అత్తమ్మది తెనాలి, వాళ్లకు బతుకమ్మ లేదు. రెండేళ్ల క్రితం దసరాకి వచ్చినప్పుడు, అట్ల బతుకమ్మ నాడు ఆవిడే పెనం దగ్గర నిలబడింది. రెండు వారాలు తిరిగేసరికి అట్లతద్ది, ఆ రోజు మళ్లీ అట్లు. ఇప్పుడు మా పిల్లల లెక్కలో అవి రెండూ ఒకే పండగ, మధ్యలో కొంచెం గ్యాప్ వస్తుంది, అంతే. ఆవిడా సరిచేయలేదు, నేనూ చేయలేదు.

ఒక ఏడాది మాత్రం మనసు చివుక్కుమంది. గౌరమ్మను చేయడానికి పసుపు తడిపి ముద్ద చేస్తే చేతులు రెండు మూడు రోజులు పచ్చగానే ఉంటాయి. ఆదివారం రాత్రి చేశాం. సోమవారం సాయంత్రం బస్సు దిగేటప్పుడు చూస్తే పాప రెండు చేతులూ స్వెటర్ చేతుల్లోకి లాక్కుని ఉంది. రోజంతా అలాగే ఉందట, అన్నం కూడా ఎడం చేత్తో, స్వెటర్ లోపలి నుంచే స్పూన్ పట్టుకుని తిన్నదట. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరైనా ఏమైనా అంటారేమోనని. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నిమ్మచెక్కతో, నూనెతో చేతులు రుద్దాను. "మన సంస్కృతి, సిగ్గెందుకు" అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది, మింగేశాను. అంత చిన్న పిల్ల దాన్ని ఏం చేసుకుంటుంది? అప్పటి నుంచి గౌరమ్మ పని శుక్రవారం సాయంత్రానికి మార్చాం. చేయాలా వద్దా అన్నది కూడా తన ఇష్టం. పోయినసారి చేసింది, చేతులకు వంటింటి గ్లవ్స్ తొడుక్కుని. గౌరమ్మ ఎప్పటిలాగే నున్నగా వచ్చింది.

పోయినేడు సద్దుల బతుకమ్మ మంగళవారం పడింది, సెప్టెంబర్ 30. మేము దానికి ముందు శనివారమే పెద్దది పేర్చాం. ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకులు, చుట్టూ పూల వరస, కాడలు లోపలికి. మధ్య ఖాళీలో తరిగిన కాడలు, ఆకులు కూరి కూరి నింపాలి, లేకపోతే మూడో వరసకే కుంగిపోతుంది. కూరేది బాబు, పిడికిలితో. వరస వంకరగా వచ్చింది, ఒక పక్క గోల్డెన్‌రాడ్ ఎక్కువై ఒరిగింది కూడా. ఫ్రిజ్‌లోంచి తీసిన గుమ్మడి పువ్వు పైన కూర్చున్నాక మరో నాలుగు కుటుంబాల ఆడవాళ్లు, పిల్లలు వచ్చారు. పక్కింటి పెద్దావిడ కూడా వచ్చి, ప్రతి చరణం చివర "ఉయ్యాలో" మాత్రం అందరికంటే గట్టిగా అంది. చెరువుల్లో ఏదీ వేయకూడదు కాబట్టి పిల్లలు వేసవిలో ఆడుకునే ప్లాస్టిక్ కొలనులో నీళ్లు పోసి నిమజ్జనం చేశాం. తర్వాత పూలన్నీ కంపోస్ట్ గుంటలోకి. నెల తర్వాత కళ్లూ పళ్లూ చెక్కిన హాలోవీన్ గుమ్మడికాయలు కూడా అందులోకే పోయాయి. ఈ మే నెలలో ఆ గుంటలోంచి గుమ్మడి మొలకలు, పక్కనే బంతి మొలకలు వచ్చాయి.

ఈ ఏడాది పంచాంగంలో ఒక నెల ఎక్కువ, అధిక జ్యేష్ఠం వచ్చింది. అందుకని బతుకమ్మ అక్టోబర్ 10న మొదలవుతుంది. అప్పటికి గోల్డెన్‌రాడ్ పూత అయిపోయి గడ్డం నెరిసినట్టు తెల్లబడిపోతుంది, మంచు పడే రాత్రులు కూడా మొదలవుతాయి. గునుగు కంకులను ముందే కోసి తలకిందులుగా వేలాడదీస్తే ఎండినా రంగు పోదు. బంతి మాత్రం మాకు తాజాగానే కావాలి, అందుకని చల్లటి రాత్రుల్లో మొక్కల మీద దుప్పటి కప్పాలి. పోయిన ఆదివారం పాత దుప్పట్లు రెండు ఉతికి, మడిచి, గరాజ్‌లో కింది అరలో పెట్టాం. పారేస్తానేమోనని పాప వాటి మీద ఒక కాగితాన్ని పిన్నుతో గుచ్చింది. తెలుగులోనే రాసింది, ఒక దీర్ఘం మాత్రం తప్పిపోయింది: "బంతి పుల దుప్పటి."