సాయంత్రం 4:50 నుంచి రాత్రి 8:52 దాకా

శుక్రవారం పొద్దున ఆరింటికి చిన్నమ్మ ఫోన్ చేసింది. "తమ్ముని ఫోన్ కలుస్తలేదు బిడ్డా. రాత్రి నుంచి స్విచ్ఛాఫ్ వస్తున్నది. ఒకసారి హాస్టల్ దాంక పోయి చూసిరారాదు" అంది. చార్జింగ్ అయిపోయి ఉంటుందిలే అనుకున్నాను. నేనుండేది ఉప్పల్‌లో, వాడి హాస్టల్ దిల్‌సుఖ్‌నగర్‌లో. స్నానం చేసి, టిఫిన్ తిని, తీరిగ్గా బయల్దేరాను.

గదిలో వాడి లాప్‌టాప్ ఉంది, చార్జర్ ఉంది, బ్యాగు ఉంది. వాడు లేడు. రూమ్మేట్ "రాత్రి బయటికెళ్లాడన్నా, మీ ఇంటికొచ్చాడేమో అనుకున్నా" అన్నాడు. అప్పుడు మొదలైంది టెన్షన్.

స్టేషన్‌కి వెళ్తే మొదట విన్న మాట "పెద్దోడే కదా, ఇరవై ఏళ్లు. ఫ్రెండ్స్‌తో ఎటో పోయి ఉంటాడు, 24 గంటలు చూడండి." అలా ఆగాలని ఏ చట్టంలోనూ లేదు. ఆ మాట నాకప్పుడు తెలీదు. తెలిసిన లాయరుకు ఫోన్ చేస్తే ఆయన చెప్పాడు. రెండో మాట "కాలేజీ మా పరిధిలోది కాదు, అక్కడ ఇవ్వండి." దానికీ జవాబుంది. సంఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించవచ్చు. పాత సీఆర్పీసీ బదులు 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) అనే చట్టంలో 173వ సెక్షన్ ఆ వీలును రాతపూర్వకంగానే ఇచ్చింది. నేను సెక్షన్ నంబరు చెప్పగానే పని జరిగిపోయిందని మాత్రం అనుకోకండి. మధ్యాహ్నానికి చిన్నాయన ఊరి నుంచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా రైటర్ టేబుల్ ముందు నిలబడి ఏడిస్తే అప్పుడు కేసు రాసుకున్నారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకున్నాం.

ఏం బట్టలేసుకున్నాడని అడిగారు. చిన్నమ్మకు తెలీదు, నాకూ తెలీదు. రూమ్మేట్ చెప్పాడు: బూడిద రంగు టీ షర్టు, నల్ల ట్రాక్ ప్యాంటు, చెప్పులు. చిన్నాయన తెచ్చిన ఫొటో ఇంటర్ హాల్‌టికెట్‌ది. అందులో వాడికి మీసాలు కూడా రాలేదు. ఈమధ్య తీసిన ఫొటో మా ఇంట్లో ఎవరి ఫోన్లోనూ లేకపోవడం నాకు సిగ్గనిపించింది.

ఆ తర్వాత మూడు రోజులు నేను చేసిన పని ఒక్కటే. గురువారం సాయంత్రాన్ని నిమిషం నిమిషంగా కూర్చడం.

కాలేజీ బస్సు 4:50కి బయల్దేరింది, వాడు ఎక్కాడు, పక్క సీటు అబ్బాయి చెప్పాడు. 6:30కి చిన్నమ్మతో నాలుగు నిమిషాలు మాట్లాడాడు. బర్రె ఈనిందా అని అడిగాడట, శనివారం వస్తానన్నాడట. అక్కడి నుంచి మనుషుల జ్ఞాపకం పనికిరాకుండా పోయింది. ఒకరు ఏడున్నర అంటారు, ఒకరు తొమ్మిది అంటారు.

బ్యాంకు ఖాతా చిన్నాయనతో కలిపి జాయింటుగా ఉంది కాబట్టి శనివారం పొద్దున్నే పాస్‌బుక్ ప్రింట్ చేయించాం. గురువారం తేదీన చివర్లో రెండు ఎంట్రీలు, ఒక్కోటి 15 రూపాయలు. పాస్‌బుక్‌లో తేదీ పడుతుంది కానీ టైం పడదు. టైం ఉండేది డబ్బు అందుకున్నవాళ్ల ఫోన్లో. హాస్టల్ సందు చివర టీ కొట్టాయన తన ఫోన్ తీసి చాలా ఓపిగ్గా వెనక్కి జరిపి చూపించాడు: 7:18కి ఒకటి, 7:24కి ఒకటి. రెండు టీలు. అంటే పక్కన ఇంకెవరో ఉన్నారని మేమందరం అనుకున్నాం. ఆయనకు గుర్తులేదు. రోజుకు ఎన్ని వందల మంది వస్తారో.

ఎదురుగా జిరాక్స్ షాపుకు కెమెరా ఉంది. అందులో తమ్ముడు కనిపించాడు, స్క్రీన్ మీద 7:41. కానిస్టేబుల్ వెంటనే రూమ్మేట్ వైపు తిరిగాడు. ఎందుకంటే ఆ అబ్బాయి "ఏడున్నరకు గదిలోనే ఉన్నాడు సార్, మెస్ బెల్ కొట్టారు, నాకు బాగా గుర్తు" అని రాసిచ్చాడు. ఏడున్నరకు గదిలో ఉన్నవాడు 7:41కి టీ కొట్టు దగ్గర ఎలా ఉంటాడు? ఆ పిల్లవాణ్ని సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. నేను కూడా వాణ్ని అనుమానంగా చూశాను. దాచుకోవడమెందుకు.

రాత్రి ఆ వీడియో నాలుగోసారి చూస్తుంటే తట్టింది. స్కానర్ ముందు తమ్ముడు ఫోన్ పెట్టేది కెమెరా టైం ప్రకారం 7:41. టీ కొట్టాయన ఫోన్లో అదే చెల్లింపు 7:18. ఫోన్ గడియారం నెట్‌వర్క్ నుంచి సరిదిద్దుకుంటుంది. ఆ డీవీఆర్ (కెమెరా వీడియోను రికార్డు చేసే పెట్టె) గడియారం ఎవడో పెట్టినప్పుడు పెట్టిందే. అది 23 నిమిషాలు ముందుంది. రూమ్మేట్ చెప్పింది అక్షరాలా నిజం. మర్నాడు ఆ అబ్బాయికి సారీ చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు కానీ తర్వాత గది మారిపోయాడు.

ఇలాంటి అవసరం ఎవరికైనా పడితే ముందు చేయాల్సింది ఇదే. ప్రతి కెమెరా స్క్రీన్‌నీ మీ ఫోన్ గడియారాన్నీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసుకోండి. ఇంకోటి, ఆ రికార్డింగులు ఎక్కువ రోజులుండవు. హార్డ్‌డిస్క్ నిండితే పాతవి వాటంతటవే చెరిగిపోతాయి, కొన్నిచోట్ల రెండు వారాలకే. పోలీసులొస్తారని ఆగకుండా పెన్‌డ్రైవ్ కొనుక్కుని షాపుల వాళ్లను బతిమాలుకున్నాను. ఇద్దరు తప్ప అందరూ ఇచ్చారు.

మెట్రో వివరాలు మాత్రం పోలీసు లెటర్ లేకుండా ఇవ్వరు. వాడి స్మార్ట్ కార్డు నంబరు లాప్‌టాప్‌లోని పాత రీచార్జ్ మెయిల్‌లో దొరికింది. దాన్ని ఎస్సైగారికిస్తే వారానికి జవాబొచ్చింది: దిల్‌సుఖ్‌నగర్‌లో లోపలికి 8:04, ఎంజీబీఎస్‌లో బయటికి 8:13. దిగితే ఎదురుగా ఇమ్లీబన్ బస్టాండ్. అక్కడి నుంచి రాష్ట్రంలో ఎటైనా బస్సు దొరుకుతుంది. కౌంటర్ దగ్గరో, బస్సులోనో డబ్బులిచ్చి తీసుకున్న టికెట్ మీద పేరుండదు.

కాల్ రికార్డు ఇంకా ఆలస్యం. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతితో లెటర్ వెళ్తేనే కంపెనీ ఇస్తుంది. ఫోన్ చివరిసారి నెట్‌వర్క్‌లో ఉన్నది 8:52కి, అఫ్జల్‌గంజ్ టవర్ కింద. టవర్ అంటే ఇంటి నంబరు కాదు కదా. బస్టాండ్ కావచ్చు, ఉస్మానియా ఆస్పత్రి రోడ్డు కావచ్చు, మూసీ ఒడ్డు కావచ్చు. మూసీ మాట ఎవరూ పైకి అనలేదు. చిన్నాయనను బయట కూర్చోబెట్టి ఉస్మానియా, గాంధీ మార్చురీలకు నేనే వెళ్లాను. దాని గురించి రాయను.

అందరూ ఒక కారణం వెతికిపెట్టారు. ఆ వారమే కాలేజీలో డిటెయిన్డ్ లిస్టు వేశారు, 75 శాతం హాజరు లేదని భయపడి పోయాడన్నారు. ఆఫీసుకెళ్లి చూస్తే వాడికి 78 ఉంది, లిస్టులో పేరే లేదు. అమ్మాయి విషయమన్నారు, ఆన్‌లైన్ అప్పులన్నారు. కాల్ రికార్డులో, ఖాతాలో అలాంటిదేమీ దొరకలేదు. 2,340 రూపాయలు ఖాతాలో అలాగే ఉన్నాయి.

నేను చేసిన పెద్ద తప్పు ఫేస్‌బుక్‌లో ఫొటోతోపాటు చిన్నాయన నంబరు పెట్టడం. రెండో రోజుకే ఫోన్లు. "మీవాడు విజయవాడలో మా దగ్గరున్నాడు, ఆస్పత్రి ఖర్చుకు 20 వేలు పంపండి." చిన్నాయన పంపేశాడు. ఆయన తప్పేముంది, ఎవరైనా పంపుతారు. స్టేషన్ నంబరొక్కటే పెట్టి ఉండాల్సింది.

సిమ్ చిన్నాయన పేరు మీదే ఉంది. డూప్లికేట్ తీసుకుంటే వాడి మెసేజ్‌లు, ఓటీపీలు మనకొస్తాయి కదా అని అడిగాను. ఎస్సైగారు వద్దన్నారు. కొత్త సిమ్ పనిచేయడం మొదలవగానే వాడి ఫోన్లో ఉన్నది చచ్చిపోతుంది, వాడు ఎప్పుడైనా ఫోన్ ఆన్ చేసి ఇంటికి చేద్దామనుకుంటే కాల్ పోదు. అందుకని ఊళ్లో కొట్టుకు పోయి చిన్నాయన ఆ నంబరుకు నెలనెలా రీచార్జ్ చేయిస్తున్నాడు.

కేసు ఇంకా నడుస్తోంది. పోయిన నెల ఎస్సైగారికి బదిలీ అయింది. నా ఫైలు పట్టుకుని కొత్త ఎస్సైగారి దగ్గర కూర్చుని కాలేజీ బస్సు నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఆయన టీ కొట్టు వీడియో రెండుసార్లు చూశారు. అందులో వాడు ఒక్కడే. ఒక టీ తాగుతాడు, గ్లాసు పెట్టేస్తాడు, రోడ్డు వైపు చూస్తూ కాసేపు నిలబడతాడు, మళ్లీ ఫోన్ తీసి ఇంకోటి తీసుకుంటాడు.

"టీ బాగా తాగుతాడా?" అని అడిగారు.

ఇంట్లో చుక్క కూడా ముట్టడని చిన్నమ్మ మొదటి రోజే చెప్పింది. అదే చెప్పాను. ఆయన ఫైల్లో రాసుకున్నారు.