160 కిలోమీటర్లకీ, రోజూ ఆఫీసుకీ ఒకే సైకిల్

92వ కిలోమీటరు దగ్గర కుడి చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కిపోయాయి. గేరు మారుద్దామని లివర్ నొక్కితే నొక్కానో లేదో తెలియట్లేదు, చైన్ టక్కుమని పక్క పళ్ళచక్రం మీద పడిన చప్పుడు వింటేనే తెలిసింది. ఇంకా 68 కిలోమీటర్లుంది, ఆ పెద్ద ఎత్తు కూడా ముందే ఉంది. కాళ్ళు బాగున్నాయి, ఊపిరి బాగుంది, చేయే మొరాయించింది. ఆర్నెల్లు చూసి చూసి కొన్న సైకిల్ మీద ఇలా అయ్యేసరికి నిజంగా ఏడుపొచ్చింది.

ఇది కిడ్నీ పేషెంట్ల డయాలసిస్ ఖర్చులకి విరాళాలు పోగుచేసే రైడ్. మా అమ్మకి మూడేళ్ళు డయాలసిస్ చేయించాం, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, సూదులున్న చేయి కదపకూడదు. అందుకే రైడ్ అనగానే ఇంకేం ఆలోచించకుండా పేరిచ్చేశా, ఇచ్చాకే సైకిల్ సంగతి గుర్తొచ్చింది.

రెండు సైకిళ్ళు కొనే స్తోమత నాకు లేదు. ఒక్కటే కొనాలి, అదే రోజూ తొమ్మిది కిలోమీటర్లు ఆఫీసుకి వెళ్ళాలి, వానొచ్చినా ల్యాప్‌టాప్ బ్యాగున్నా సరే, మళ్ళీ అదే ఒక ఆదివారం 160 తొక్కాలి. ఇంత చెప్పినా షాపతను రేసు సైకిలే చూపిస్తాడు, "ఒంటిచేత్తో ఎత్తి చూడండి మేడమ్" అంటాడు. ఎత్తాను, దూదిలా ఉంది, ఒప్పుకుంటా. కానీ క్యారియర్ బిగించడానికి ఫ్రేముకి బోల్టు కన్నాల్లేవు, మడ్‌గార్డు పట్టే సందు లేదు, 25 మిల్లీమీటర్లు దాటితే టైరు తిరగదు. ఎత్తులెక్కడానికి వేసుకునే అన్నిటికంటే చిన్న గేరుకి ముందు పెడళ్ళ దగ్గర పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక టైరు దగ్గర దానికి 28. ఇంటికొచ్చి లెక్కేశా. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే ఆ సైకిల్ రెండున్నర మీటర్లు కదలాలి, వెనక కూడా 34 పళ్ళుంటే రెండు మీటర్ల పైన కొంచెం కదిలితే చాలు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే మొదటిదానికి గంటకి తొమ్మిది కిలోమీటర్ల పైన పోవాల్సొస్తుంది, రెండోదానికి ఏడున్నర. అలిసిపోయిన మోకాళ్ళతో ఎత్తు ఎక్కేవాళ్ళకి ఆ తేడా చాలా పెద్దది. బరువంటారా, నేనూ సైకిలూ నీళ్ళూ బ్యాగూ కలిపి 75 కిలోలు, అందులో ఒక కిలో తగ్గితే నూటికి ఒకటి పైచిలుకు.

హైబ్రిడ్, అంటే రేసు సైకిల్‌కీ మామూలు సైకిల్‌కీ మధ్యరకం, అది కూడా చూశా. ఆఫీసు వరకైతే దాన్ని మించింది లేదు, కానీ ఫ్రెండ్‌ది తీసుకుని మూడు గంటలు తొక్కితే చేతులు మార్చుకునే చోటే దొరకలేదు, సాదా హ్యాండిల్ కదా. చివరికి కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్, డిస్క్ బ్రేకులు, 35 మిల్లీమీటర్ల టైర్లు, వెనక 34 పళ్ళ గేరు, క్యారియర్ కన్నాలు ఉన్న గ్రావెల్ సైకిల్, అంటే కంకర రోడ్ల మీద కూడా పోయేది, కొన్నా. రేసుదాని కంటే రెండు కిలోలు బరువు. లైట్లు వేరే కొనాలి, మడ్‌గార్డులు వేరే, ఆఖరికి పెడళ్ళు కూడా వేరే! పెడళ్ళు లేకుండా సైకిల్ అమ్మడమేంటో నాకిప్పటికీ మింగుడుపడదు.

రైడ్ రోజు మొదటి 80 కిలోమీటర్లు హాయిగా గడిచిపోయాయి. మధ్యలో గతుకుల రోడ్డు ఒకటొచ్చింది, సన్న టైర్లవాళ్ళు గుంట గుంటకీ లేచి నిలబడుతుంటే నేను కూర్చునే వెళ్ళిపోయా. వెడల్పు టైర్లో గాలి తక్కువ పెట్టొచ్చు, కుదుపు అదే మింగేస్తుంది. అంత సుఖంగా వెళ్తుంటేనే వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది.

నీళ్ళిచ్చే టెంటు దగ్గర సైకిల్ ఆనించి చేయి విదిలించుకుంటున్నా. ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, దగ్గరికొచ్చి "ఏమ్మా, చిటికెన వేలూ దాని పక్కదీనా?" అన్నారు. అవునండీ అన్నా. ఆయన నా చేయి చూడలేదు, వంగి సీటు చూశారు. "సీటు ముక్కు కిందికి దిగిందమ్మా, నువ్వు ముందుకి జారిపోతున్నావు, జారకుండా చేతులతో ఆపుకుంటున్నావు" అన్నారు. సీటు ఒత్తుకుంటోందని పోయిన వారం నేనే వంచా. చిటికెన వేలికి పోయే నరం అరచేతి అంచులోంచే వెళ్తుందట, నా బరువంతా నాలుగు గంటలుగా దాని మీదే పడింది. ఆయన జేబులోంచి ఎలెన్ కీ తీసి సీటు కింద బోల్టు వదులు చేసి, సీటు మీద ఒక నోట్‌బుక్కు, దాని మీద ఫోను పెట్టి లెవెల్ చూసుకుంటూ ముక్కు పైకెత్తి మళ్ళీ బిగించారు. అర సెంటీమీటరు కూడా లేచి ఉండదు. "పది నిమిషాలకోసారి చేతులు మార్చు తల్లీ, ఒకచోటే పెట్టకు" అని తన సైకిలెక్కి వెళ్ళిపోయారు, పేరు కూడా అడగలేదు నేను.

110 దాటాక ఉంగరం వేలికి స్పర్శ వచ్చింది. ఎత్తు 130 దగ్గర మొదలైంది, ఆరు కిలోమీటర్లు. 34కి 34 వేసుకుని కూర్చునే తొక్కా. పక్కన తేలిక సైకిల్ మీద ఒక కుర్రాడు లేచి నిలబడి తొక్కి తొక్కి, ఇక కాక దిగి నడిపించుకుంటూ వచ్చాడు, పాపం. నాలుగో కిలోమీటరులో నాక్కూడా దిగిపోదామనిపించింది. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. ఆ నాలుగు గంటల్లో గోడ గడియారం వైపు చూసి "అయిపోవచ్చిందిలే, ఇంకెంతసేపు" అని నాకే ధైర్యం చెప్పేది, సూదులు తన చేతికి ఉన్నా కూడా. అదే మాట పైకి అనుకుంటూ తొక్కా. పక్కనున్న కుర్రాడు తనతో అంటున్నాననుకుని "అవునక్కా, అయిపోవచ్చింది" అన్నాడు.

సోమవారం పొద్దున వాన. అదే సైకిల్, క్యారియర్ మీద ల్యాప్‌టాప్ బ్యాగు, మడ్‌గార్డుల పుణ్యమా అని వీపు మీద బురద పడలేదు. చిటికెన వేలు ఇంకా మొద్దుగానే ఉంది, సిగ్నల్ దగ్గర చూపుడు వేలు ఒక్కదానితోనే బ్రేకు పట్టా, తడి రోడ్డు మీద కూడా గీత దగ్గరే ఆగింది.